నాటుకోడి – కొక్కెర తెగులు

ఆదోని, ఎమ్మిగనూరు సీమలు 1953లో బళ్లారి జిల్లా విడిచి కర్నూలు జిల్లాలో చేరినవి. జిల్లా మారినను, కళ్లములో జొన్నగింజలేరుకొని బ్రదుకు నాటుకోడి మారలేదు. దాని శత్రువైన కొక్కెర తెగులును మారలేదు.

1926లో జావాయందును, ఇంగ్లండునందలి న్యూకాసిలునందును బయల్పడిన యీ తెగులును 1927లో మన హిమాలయప్రాంతపు రాణీఖేతున గుర్తించిరి. ఆ యూరిపేరే దానికి నిలిచినది. 1940 దశకమున ముక్తేశ్వరపు పశువైద్య పరిశోధనాలయమున టీకా సిద్ధమైనది.

సీమజాతి లెగ్‌హారన్ పెట్ట గ్రుడ్లు విస్తారముగా పెట్టునుగాని సాధారణముగా పొదుగదు. నాటుపెట్ట కొద్ది గ్రుడ్లే పెట్టినను, 21 దినములు పొదిగి పిల్లలను రెక్కలక్రింద కాచును. తెగులు సోకిన యూర నశించునది కోళ్లు మాత్రమే కాదు, తరతరముల విత్తనము. కావున పిల్లలకు మొదటివారమునను, 8 వారములు నిండినపిదప మరలను టీకా వేయింపుడు. మేలైన పుంజును, పొదుగు పెట్టను సంతకంపక నిలుపుకొనుడు. విత్తనపుగింజను వండుకొను రైతు లేడుగదా!