ఆడిటరు బాధ్యత - డిక్సన్ నగర నిధుల అపహరణ: ఒక చారిత్రక పరిశీలన

2012 ఏప్రిల్ 17న అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం డిక్సన్ నగర కార్యాలయంలో ఆ నగర ఆర్థిక నియంత్రణాధికారి రీటా క్రండ్‌వెల్‌ను ఎఫ్.బి.ఐ. అధికారులు అరెస్టు చేశారు. డిక్సన్ సుమారు పదహారు వేల జనాభా గల చిన్న పట్టణం; అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ బాల్యం గడచిన ఊరుగా మాత్రమే అప్పటికి లోకానికి తెలుసు. 1990 డిసెంబరు నుండి అరెస్టు నాటి వరకు ఆమె అపహరించిన మొత్తం 5 కోట్ల 37 లక్షల డాలర్లు. ఆ సొమ్ముతో ఆమె పెంచిన నాలుగు వందలకు పైగా మేలుజాతి గుర్రాల గురించి పత్రికలు విస్తారంగా రాశాయి. లెక్కల తనిఖీ చరిత్రకు సంబంధించినంతవరకు గుర్రాలు ముఖ్యం కావు. ఈ ఇరవై ఒక్క ఏళ్లలోనూ నగర లెక్కలకు ఏటేటా ఆడిట్ జరుగుతూనే వచ్చింది. ఒక్క నివేదికలోనూ ఈ అపహరణ బయటపడలేదు. అపహరించిన అధికారికి శిక్ష పడుతుంది, సరే. కనిపెట్టవలసిన ఆడిటరుకు బాధ్యత ఉన్నదా, ఉంటే ఎంతవరకు అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఈ ప్రశ్నకు ఆంగ్ల న్యాయస్థానాలు పందొమ్మిదవ శతాబ్దం చివర ఒక సమాధానం చెప్పాయి. 1896 నాటి కింగ్‌స్టన్ కాటన్ మిల్ కేసులో మేనేజరు కొన్ని సంవత్సరాల పాటు సరుకు నిల్వలను ఎక్కువ చేసి చూపాడు. ఆడిటర్లు అతని ధ్రువపత్రాన్ని నమ్మి లెక్కలను ఆమోదించారు. వారికి బాధ్యత లేదని అప్పీలు కోర్టు తేల్చింది. ఆడిటరు ఇంటిని కాచే కుక్క వంటివాడే గాని, వాసన పట్టి దొంగను వెంటాడే వేటకుక్క వంటివాడు కాడని న్యాయమూర్తి లోప్స్ చేసిన పోలిక ఆ వృత్తిలో నేటికీ వినిపిస్తుంది. అయితే తమ రక్షణకు ఈ పోలికను ఉదాహరించేవారు అదే తీర్పులోని తరువాతి మాటను తరచుగా విడిచిపెడతారు. అనుమానం కలిగించే అంశం ఏదైనా కంటపడితే దానిని అడుగంటా శోధించవలసిన విధి ఆడిటరుకు ఉన్నదని కూడా లోప్స్ స్పష్టంగా చెప్పాడు. కనుక 1896 తీర్పు ఆడిటరుకు ఇచ్చిన రక్షణ షరతులతో కూడినది.

తరువాతి కాలంలో ఆ షరతు పరిధి విస్తరించింది. 1938లో అమెరికాలో మెకెసన్ అండ్ రాబిన్స్ కంపెనీ లేని సరుకును, లేని బాకీలను ఉన్నట్లు చూపిన వ్యవహారం బయటపడింది. ఆ మరుసటి ఏడాదే, నిల్వలను స్వయంగా చూడడం, బాకీదారుల నుండి నేరుగా ధ్రువీకరణ పొందడం ఆడిట్ విధానంలో భాగమయ్యాయి. డిక్సన్ వ్యవహారానికి ఇంకా దగ్గరగా ఉన్నది అదే 1939లో న్యూయార్క్ కోర్టు నేషనల్ ష్యూరిటీ కేసులో ఇచ్చిన తీర్పు. ఒక షేర్ల వ్యాపార సంస్థలో క్యాషియరు డబ్బు కాజేశాడు. యజమాని అజాగ్రత్తగా ఉన్నందువల్లనే ఇది జరిగిందని ఆడిటర్లు వాదించారు. ఉద్యోగుల మోసాన్ని పట్టుకొనడానికే ఆడిటరును నియమించుకున్నప్పుడు, యజమాని అజాగ్రత్త ఆడిటరు తన పని తాను చేయకుండా అడ్డుపడితే తప్ప ఆ వాదం చెల్లదని కోర్టు చెప్పింది. 1956లో సీరియల్ బైప్రాడక్ట్స్ కేసులో ఇల్లినాయ్ అప్పీలు కోర్టు సైతం గుమాస్తా అపహరణను కనిపెట్టని లెక్కల పరీక్షకులను బాధ్యులుగా నిలిపింది. డిక్సన్ ఇల్లినాయ్ రాష్ట్రంలోనిదే కాబట్టి ఈ నేపథ్యం తెలియకపోతే తరువాతి పరిణామం అర్థం కాదు.

అపహరణ పద్ధతిలో గొప్ప చాతుర్యమేమీ లేదు. క్రండ్‌వెల్ నగరం పేరిట ఒక రహస్య ఖాతా తెరిచింది. ఆర్.ఎస్.సి.డి.ఏ. అన్న సంక్షిప్త నామం వల్ల అది మురుగునీటి పనుల నిల్వ నిధిలా కనిపించేది. నగర నిధులను మొదట మూలధన అభివృద్ధి నిధికి తరలించి, అక్కడ నుండి ‘ట్రెజరర్’ పేరిట చెక్కు రాసి, ఆ చెక్కును రహస్య ఖాతాలో జమ చేసేది. ఆ ఖర్చుకు ఆధారంగా ఆడిటర్లకు చూపడానికి ఇల్లినాయ్ రాష్ట్ర ప్రభుత్వం పంపినట్లు దొంగ బిల్లులు తయారు చేసేది. 1991లో 1,81,000 డాలర్లుగా ఉన్న అపహరణ 2008 నాటికి ఏడాదికి 58 లక్షలకు పెరిగింది. ఖజానాలో లోటు ఎందుకని అడిగితే రాష్ట్రం నుండి రావలసిన వాటా ఆలస్యమవుతున్నదని చెప్పేది. నగర శాఖల ఖర్చులకు కోత పడేది. ఉత్తరాలు తానే తీసుకొనేది, బ్యాంకు పత్రాలు తానే చూసేది. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో రాజధనాన్ని అపహరించే మార్గాలు నలభై అని లెక్కించాడు. డిక్సన్‌లో ఒక్కటే సరిపోయింది. 2011లో ఆమె దీర్ఘకాలం సెలవులో ఉండగా, ఆమె పని చూస్తున్న నగర గుమాస్తా బ్యాంకు నుండి అన్ని ఖాతాల వివరాలు తెప్పించడంతో రహస్య ఖాతా బయటపడింది. ఆడిట్ రెండు దశాబ్దాలలో చేయలేని పని బ్యాంకుకు పంపిన ఒక్క అభ్యర్థనతో జరిగిపోయిందన్నది ఈ వ్యవహారంలో అన్నిటికన్నా గంభీరమైన విషయం.

తెలుగు ప్రాంతంలో పురపాలక సంఘాల లెక్కలను తనిఖీ చేసేది రాష్ట్ర ప్రభుత్వ ఆడిట్ శాఖ. డిక్సన్‌లో ఆ పని చేసింది ఒప్పందం మీద రుసుము తీసుకొన్న ప్రైవేటు సంస్థ. అందుకే అక్కడ నష్టపరిహారపు దావాకు దారి ఏర్పడింది. క్లిఫ్టన్ గండర్సన్ అనే సంస్థ, తరువాతి పేరు క్లిఫ్టన్ లార్సన్ అలెన్, చాలాకాలం నగర ఆడిటరుగా ఉన్నది. 2006 ప్రాంతంలో ఆడిటరు స్థానం ఒక చిన్న సంస్థకు మారింది. క్లిఫ్టన్ లెక్కల సంకలనం వంటి ఇతర పనులు కొనసాగించింది. ఆ మార్పు పేరుకు మాత్రమే జరిగిందనీ, ఆడిట్ పనిలో అధిక భాగం క్లిఫ్టన్ సిబ్బందే చేశారనీ నగరం ఆరోపించింది. దొంగ బిల్లుల మీద ప్రభుత్వ శాఖ చిహ్నం కూడా లేదని నగర న్యాయవాదులు ఎత్తిచూపారు. క్లిఫ్టన్ తన సమర్థనలో, ఆ తరువాతి కాలంలో తాము చేసింది ఆడిట్ కాదనీ, ఒకే వ్యక్తి చేతిలో సర్వాధికారాలు పెట్టిన నగర పాలకులదే తప్పనీ చెప్పింది.

ఈ రెండవ వాదంలో కొంత నిజం లేకపోలేదు. డిక్సన్‌లో మేయరు, కమిషనర్లు పూర్తికాలం పనిచేసేవారు కారు. ఆర్థిక వ్యవహారాలన్నిటినీ క్రండ్‌వెల్‌కే వదిలివేశారు. అయినా 1939 నాటి తీర్పు తర్కం ప్రకారం ఆ అజాగ్రత్త ఆడిటరును రక్షించదు; పైగా అధికారాలు ఒకే చేతిలో చేరడమే పరిశోధించవలసిన అనుమానాస్పద అంశం. ఇక్కడ ఆడిటరును దొంగను వెంటాడమని ఎవరూ అడగలేదు. తన ముందు పెట్టిన బిల్లు నిజమైనదా అని రాష్ట్ర శాఖకు ఒక ఉత్తరం రాసి ఉంటే సరిపోయేది. బాకీదారు నుండి నేరుగా ధ్రువీకరణ పొందాలన్న నియమం అప్పటికి యాభై ఏళ్ల పాతది. లెక్కలు కూర్చేవారే వాటిని పరీక్షించేవారితో కలిసిపోయినప్పుడు ఆ ఉత్తరం రాయవలసిన అవసరం ఎవరికీ తోచదు. కావలికుక్క ఉపమానం ఈ స్థితిని ఊహించలేదు. అందులో కుక్క ఇంటికి కాపలా మాత్రమే కాస్తుంది, ఇంటి లెక్కలు రాయదు.

క్రండ్‌వెల్ 2012 నవంబరులో నేరం అంగీకరించింది. 2013 ఫిబ్రవరిలో ఆమెకు 19 సంవత్సరాల 7 నెలల జైలుశిక్ష పడింది. నగరం వేసిన దావా మాత్రం విచారణ దాకా వెళ్లలేదు. 2013 సెప్టెంబరులో రాజీ కుదిరి మొత్తం 4 కోట్ల డాలర్లు చెల్లించడానికి ప్రతివాదులు ఒప్పుకొన్నారు. అందులో క్లిఫ్టన్ వాటా 3 కోట్ల 51 లక్షల 50 వేలు. రహస్య ఖాతా ఉన్న ఫిఫ్త్ థర్డ్ బ్యాంకుది 38 లక్షల 50 వేలు. తరువాతి ఆడిటరుది 10 లక్షలు. ఇందులో నుండే న్యాయవాదుల రుసుము పోయింది. రాజీ వల్ల నగరానికి డబ్బు వచ్చింది గాని తీర్పు రాలేదు. ప్రభుత్వాధికారి అపహరణను కనిపెట్టని ఆడిటరు బాధ్యతకు హద్దు ఎక్కడన్నది ఈ కేసు ద్వారా ఏ న్యాయమూర్తీ నిర్ణయించే అవకాశం లేకపోయింది. తరువాత డిక్సన్ ఓటర్లు కమిషనర్ల పాలనను తొలగించి, వృత్తి నిపుణుడైన నగర మేనేజరు పద్ధతిని ఎన్నుకొన్నారు. 2021లో గృహనిర్బంధానికి మారిన క్రండ్‌వెల్ శిక్షను 2024 డిసెంబరులో అధ్యక్షుడు బైడెన్ తగ్గించాడు.