బట్టల బుట్టలో బిస్కట్లు

దొంగతిండి అంటే పిల్లలదేనని మనకో నమ్మకం. అటక మీది అరిసెల డబ్బా కథలన్నీ వాళ్ళమీదే కదా! తాళంచెవులు బొడ్డున దోపుకున్న ఇల్లాలు తన ఇంట్లో తానే చాటుగా తింటుందంటే ఎవరు నమ్ముతారు చెప్పండి?

న్యూయార్కులో క్వీన్స్ అనే పేటలో కాపురముండే జీన్ నైడెచ్ అలాగే తినేది. చాక్లెట్ పూత బిస్కట్లంటే ఆవిడకి ప్రాణం. స్నానాలగదిలో మాసిన బట్టల బుట్టలో వాటిని దాచుకునేది. 1961లో ఒకనాడు సరుకుల దుకాణంలో తెలిసినావిడ ఎదురై, పురుడెప్పుడని ఆప్యాయంగా అడిగింది. జీన్ గర్భవతి కాదు! అప్పటికి ఆవిడ బరువు 97 కిలోలు.

నగర ఆరోగ్యశాఖ వారి క్లినిక్కుకి వెళ్ళింది. పథ్యం చెప్పారు. బరువు తగ్గడం మొదలైంది గానీ, బిస్కట్ల సంగతి అక్కడ చెప్పడానికి నోరు రాలేదు. చివరికి ఆరుగురు స్నేహితురాళ్ళని ఇంటికి పిలిచి ఆ గుట్టు విప్పింది. ఛీ అంటారనుకుంటే, వాళ్ళూ తమ తమ తిండి యావ గురించి చెప్పుకొచ్చారు! ఆ కబుర్లే 1963లో వెయిట్ వాచర్స్ అనే పెద్ద వ్యాపారమయ్యాయి. వ్యాపారం మాటకేం గాని, నాకు నచ్చింది ఆ మొదటి సమావేశమే.

అమెరికాకి అవతలి ఒడ్డున, లాస్ ఏంజిలిస్‌లో, ఇలాంటి ముచ్చటే ఇంకొంచెం ముందు జరిగింది. రోజాన్ అనే ఆవిడ 1958లో, జూదం మానలేని స్నేహితుడొకాయన్ని వెంటబెట్టుకుని జూదరుల సంఘానికి వెళ్ళింది. ఆ దాపరికాలూ, అబద్ధాలూ, ఒట్లూ వింటుంటే, పేకముక్కల చోట మిఠాయి పెడితే అది తన కథే అనిపించింది. 1960 జనవరిలో మరో ఇద్దరు ఆడవాళ్ళతో కలిసి ఓవరీటర్స్ అనానిమస్ స్థాపించింది. తాగుడు మానడానికి 1935లో పుట్టిన సంఘం బాటే వీళ్ళదీనూ. ఇంటిపేర్లు చెప్పుకోరు, ఒకరి గోడు ఒకరు వింటారు. కాకపోతే తాగుడు పూర్తిగా మానెయ్యొచ్చు, అన్నం మానేదెలా? పాపం, చిక్కంతా అక్కడే.

డాక్టర్లూ ఊరుకోలేదు. ఆల్బర్ట్ స్టంకార్డ్ 1959లోనే ఈ తిండి తీరుని వర్ణించాడు. కాని అమెరికా మానసిక వైద్యుల గ్రంథంలో ఇది విడి జబ్బుగా చోటు సంపాదించుకునేసరికి 2013 వచ్చింది. అంతకాలం లోకం దృష్టిలో అది ఉత్త తిండిపోతుతనమే.

పెళ్ళిలో రెండు లడ్లు ఎక్కువ తిన్నవాళ్ళు కంగారు పడకండి, అది ఇందులోకి రాదు. ఆకలి లేకపోయినా గబగబా, పొట్ట ఉబ్బి బాధపెట్టేదాకా, ఒక్కర్తే కూచుని తినడం, ఆపుదామన్నా చెయ్యి ఆగకపోవడం, తిన్నాక తనమీద తనకే రోత పుట్టడం, ఇలా వారానికోసారైనా మూడు నెలలపాటు సాగితే డాక్టరుకి చెప్పుకోవలసిందే. సన్నగా ఉన్నవాళ్ళకీ రావచ్చు సుమండీ. రేపటినించి పస్తులుంటానని శపథం పడితే సాధారణంగా బెడిసికొడుతుంది. పగలంతా మాడిన కడుపు రాత్రి డబ్బాలు వెతుకుతుంది. వేళకి తింటూ, మనస్తత్వ నిపుణులతో మాట్లాడుతూ నడిచే చికిత్సే దీనికి బాగా పనిచేస్తుందని తేలింది.

మొదట ఎవరితో అనడానికీ నోరు రాకపోతే, మన ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ ఉంది. నంబరు 14416. డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇంట్లోవాళ్ళు వింటారని బెంగైతే అందరూ బయటికి వెళ్ళాకే చెయ్యండి. రాత్రింబగళ్ళు పలుకుతుంది.