ఉడుములకు పాఠం చెప్పిన పిల్ల కప్పలు

1935లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ చెరకు తోటలను ఒక పెంకు పురుగు పీడిస్తోంది. దాని పిల్లలు మట్టిలో దాగి వేళ్లు కొరికేసేవి. విరుగుడుగా హవాయి నుంచి సుమారు వంద గోదురు కప్పలను తెప్పించి, సంతతి పెంచి వదిలారు. పురుగేమో గడ కొసన, కప్పేమో నేల మీద! పంటకు ఒరిగిందేమీ లేదు. కప్పలు మాత్రం వేలకొద్దీ గుడ్లు పెడుతూ ఊళ్ల మీద పడ్డాయి.

వాటి భుజాల మీద విషగ్రంథులు ఉంటాయి. ఆ ఖండం అంతకుముందు గోదురు కప్పను ఎరగదు. ఉడుములు, పాములు, క్వోల్ అనే చుక్కల మాంసాహారులు మామూలు కప్పే అనుకుని నోట కరిచి చచ్చేవి. కొన్నిచోట్ల నూటికి తొంభై ఉడుములు మాయమయ్యాయి. జనం బోనులు పెట్టారు, రాత్రిళ్లు లైట్లు పట్టుకుని ఏరారు. ఏరినకొద్దీ కొత్తవి పుట్టుకొచ్చాయి.

డార్విన్ నగరం దగ్గరి ఫాగ్ డ్యామ్‌లో రిక్ షైన్ అనే జీవశాస్త్రవేత్త ఏళ్ల తరబడి పాములను పరిశీలిస్తూ ఉండేవాడు. క్వీన్స్‌లాండ్ నుంచి పాకుతూ 2005లో కప్పల దండు అక్కడికే వచ్చిపడింది. పాముల కోసం వచ్చిన మనిషి కప్పల వెంట పడ్డాడు. దండులో ముందు నడిచేవి పెద్ద కప్పలని, వాటి కాళ్లు పొడుగని ఆయన బృందం గమనించింది. చిక్కంతా అక్కడే ఉంది. ఉడుముకు మొట్టమొదట ఎదురయ్యేదే ప్రాణాంతకమైన కప్ప. ఇక నేర్చుకునే వ్యవధి ఏది? ముందు చిన్న కప్ప దొరికితే వాంతితో పోతుంది. ప్లానిగేల్ అనే చిట్టి జంతువు అలా ఒకసారి రుచి చూసి, మళ్లీ కప్ప జోలికి పోకపోవడం వాళ్లు కళ్లారా చూశారు.

దాంతో క్వోల్‌లకు వికారం మందు పెట్టిన చచ్చిన చిన్న కప్పలు తినిపించారు. అడవిలో వదిలాక అవి మిగతావాటికన్నా ఎక్కువ కాలం బతికాయని 2010లో ప్రకటించారు. మరి ఉడుముల సంగతి? కింబర్లీ ప్రాంతంలో పరిశోధకురాలు జార్జియా వార్డ్-ఫియర్, అక్కడి ఆదివాసీ బలంగర్రా రేంజర్లు కర్ర చివర దారానికి కట్టిన చిన్న కప్పను ఉడుముల ముందు ఆడించారు. మింగినవి కక్కుకున్నాయి. ఆ తర్వాత కప్పను చూసి మొహం తిప్పుకున్నాయి. అసలు దండు వచ్చినప్పుడు పాఠం నేర్వని ఉడుములు రాలిపోతే, నేర్చినవాటిలో చాలా మిగిలాయి. ఆ ఫలితం 2016లో వెలువడింది.

ఒక్కో ఉడుమునూ వెతికి నేర్పడం అయ్యే పని కాదు. అందుకే దండు చేరకముందే గుడ్లు, తోకకప్పలు, పిల్ల కప్పలు అడవిలో వదలడం మొదలుపెట్టారు. తరిమికొట్టాల్సిన కప్పను చేజేతులా ముందుకు పంపడానికి గుండె ధైర్యం కావాలి. కప్పలను ఆపడం ఈ పరిశోధకుల వల్ల కాలేదు. వాటి మధ్య ఉడుము బతికే దారి మాత్రం దొరికింది.