ద్వీపాంతరవాసి అడుగుజాడలు

తాతముత్తాతల ముచ్చటలలో, కొట్లాటలోనో కొల్లలోనో పట్టుబడి ద్వీపాంతరము పంపబడినవాని ప్రస్తావన వచ్చినచో, ఆ కథ ఓడ యెక్కుటతో ఆగిపోవును. అటుపిమ్మట వాడేమి పని చేసెనో, ఎన్నాళ్లు బ్రదికెనో, ఏ ఒడ్డున మట్టిలో కలిసెనో చెప్పగలవారు ఊరనుండరు. ఊరు మరచినను దొరతనము వానిని మరువలేదు. పని గొనవలెను గనుకను, పారిపోకుండ కాచుకొనవలెను గనుకను, శిక్షించిన ప్రభుత్వమే కాగితముమీద వానిని కడదాక వెంటాడెను. ఆ కాగితముల జాడ పట్టి మన తెలుగు ఖైదీల బ్రదుకులను కొంతవరకైనను తిరిగి కూర్చుట చరిత్రకారులు పూనికతో చేయదగిన పని యని నా దృఢవిశ్వాసము.

తుళ్లూరు వంటి కృష్ణాతీర గ్రామమునకు చెందిన ఖైదీని వెదకువారు ముందుగా జిల్లాల చరిత్ర నెరుగవలెను. 1788లో కుంపిణీ వశమైన గుంటూరు సర్కారు కొంతకాలము ప్రత్యేక జిల్లాగా నుండి, 1859లో కృష్ణాజిల్లాలో కలిసిపోయి, 1904లో మరల వేరుపడినది. కావున ఆ నడిమి నలువదియైదేండ్లలో మన ప్రత్తిచేల గట్లపై జరిగిన నేరమునకు ఆధారములను బందరు ముఖ్యస్థానముగా గల కృష్ణాజిల్లా కట్టలలో వెదకవలెనే గాని, గుంటూరు పేరిట కానరాలేదని విడిచిపెట్టరాదు.

కాలమును గూడ చూడవలెను. నందన నామ సంవత్సరపు కరవులో, అనగా 1832-33లో, రమారమి అయిదు లక్షల జనము గల గుంటూరు సీమయందు లక్షన్నరకు తక్కువ కాకుండ మరణించిరి. అట్టి యేట పాతరలోని జొన్నలకై గుంపుగా కవిసినవానికిని, దోపిడినే వృత్తిగా గొన్నవానికిని న్యాయస్థానపు పట్టికలో దొరకు పేరొక్కటే: బందిపోటు. శిక్షపడిన తేదీని ఆనాటి పంటలతోను ధాన్యపు ధరలతోను సరిచూడక, ఆ యొక్క మాటను బట్టి మనిషిని తూచుట అన్యాయము.

ఖైదీతోపాటు ఓడపై వెళ్లు జాబితాలో పేరు, తండ్రిపేరు, కులము, వయస్సు, ఎత్తు, ఒంటిపై గల మచ్చలు, నేరము, శిక్షాకాలము వ్రాయబడెడివి. మశూచి మచ్చ నైనను విడువని ఆ గుమాస్తా, తెలుగువానికి ప్రాణప్రదమైన ఇంటిపేరును మాత్రము తరచు విడిచిపెట్టెను. ఊరి జ్ఞాపకమున మిగిలినదేమో ఇంటిపేరొక్కటే! ఈ రెండింటిని కలుపుటయే పరిశోధకునకు అన్నిటికంటె కష్టమైన పని.

అండమానులకు ముందు చెన్నపట్టణపు ఖైదీలు సుమత్రాలోని బెంకూలెనునకును, పినాంగు, మలక్కా, సింగపూరులకును పోయిరి. బెంకూలెను డచ్చివారి పాలైన పిదప, 1825 ఏప్రిల్ 18న అచ్చటనుండి సింగపూరు చేరిన తొలి జట్టులోని ఎనుబదిమందియు మద్రాసునుండి శిక్షపడినవారే. అందొక స్త్రీ కలదు. వీరి తరువాత వచ్చినవారి చేతులమీదుగానే ఆ పట్టణపు బాటలును, వంతెనలును, 1862లో ప్రతిష్ఠ జరిగిన సెయింట్ ఆండ్రూస్ దేవాలయమును వెలసినవి. ఆ గుడి లోపలి గోడలకు పూసినది మద్రాసు గచ్చు: గుల్లసున్నములో కోడిగ్రుడ్ల తెల్లసొనయు బెల్లమును గిలకొట్టి కలిపి, కొబ్బరిపీచు నానవేసిన నీటితో మెదిపి, గోడకు పట్టించి, ఆరినపిదప నున్నని రాళ్లతో మెరుగుపెట్టిరి. దక్షిణదేశపు పనివాండ్ర ఈ విద్య సంకెళ్లతోపాటు సముద్రము దాటెను. శిల్పుల పేర్లు ఏ గోడమీదను లేకున్నను, ఆ గచ్చును మించిన చరిత్రపత్రము వేరొకటి యుండునా?

ఇచ్చట ఒక పొరపాటును దిద్దవలసియున్నది. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరిదీయబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి అనుచరులలో కొందరిని అండమానుకు పంపిరని చెప్పుట వాడుకయైనది. కాని ఆనాడు అండమానులో ఖైదీల వలసయే లేదు. 1796లో ఎత్తివేయబడిన ఆ వలస మరల నెలకొన్నది 1858 మార్చిలో, డాక్టరు వాకరు రెండువందలమంది ఖైదీలతో దిగినపుడు. అంతకు పూర్వపు ద్వీపాంతరవాసులకై మలయా తీరపు కట్టలను విప్పవలెను. ఆ కట్టలును 1873తో తెగిపోవును. ఆ యేడు సింగపూరు ఖైదీలను అండమానుకు తరలించిరి.

అండమానులో మనిషి మెడకు కొయ్యబిళ్ల వచ్చెను. దానిపై వాని సంఖ్య, శిక్షాస్మృతి సెక్షను, శిక్ష తేదీ, విడుదల తేదీ చెక్కియుండెడివి. ఆ సంఖ్య దొరకినచో, పని, జబ్బు, జైలు తప్పిదములు, అనుమతిపత్రము, మరణము ఒకదాని వెంట నొకటి బయల్పడును.

అట్లు తుదిదాక జాడ దొరకు తెలుగువారిలో గాము మల్లుదొర ముఖ్యుడు. 1922 ఆగస్టున చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై బడిన అల్లూరి సీతారామరాజు దండులో అన్న గంటందొరతో నుండి, 1923లో పట్టుబడి, అండమాను జైలు చూచి వచ్చిన ఈ మన్యపు వీరుడు, 1952లో విశాఖపట్టణమునుండి తొలి లోకసభకు ఎన్నికయ్యెను. పోలీసు కాగితములలో తిరుగుబాటుదారుగా నెక్కిన గాము అను ఆ ఇంటిపేరే, ముప్పదియేండ్లకు స్వతంత్రభారత పార్లమెంటు సభ్యుల పట్టికలో మరల నెక్కినది.