కొండకును తీరమునకును నడుమ: గ్రామ ఆరోగ్యసేవకుల శిక్షణ చరిత్ర

వైద్యమనగానే మనకు వైద్యుడు, మందు, ఆసుపత్రి స్ఫురించును. కాని రోగి యింటికిని ఆసుపత్రికిని నడుమ కొంత దూరము కలదు. ఆ దూరమును దాటించు మనిషి లేనిచో ఎంత గొప్ప ఆసుపత్రి కట్టినను ప్రయోజనము కొంచెమే. ఆ మనిషి ఎవరై యుండవలెను? ఎన్ని దినములు శిక్షణ పొందవలెను? ఏ భాషలో నేర్చుకొనవలెను? ఈ ప్రశ్నలకు మన దేశము కాలానుగుణముగా వేరువేరు సమాధానములు చెప్పుకొనుచు వచ్చినది.

ఆ చరిత్రను చదువుటకు శ్రీకాకుళము జిల్లా ఉత్తర భాగము మిక్కిలి అనువైన చోటు. మద్రాసు నుండి హౌరా పోవు రైలుమార్గములో, పలాసకు దక్షిణమున పూండి స్టేషను కలదు. ఇది వజ్రపుకొత్తూరు మండలములోనిది. ఇచట సముద్రతీరమును అంటి యున్న ఇసుక నేలలే ఉద్దానము. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో పచ్చగా నుండుటచే ఉద్యానమను మాటయే ఉద్దానమైనదని చెప్పుదురు. పడమటికి పోయినచో కొండలు వచ్చును. అచట సవరలు, జాతాపులు, గదబలు నివసింతురు. తీరమున మూత్రపిండవ్యాధి, కొండలలో మలేరియా: రెండును వైద్యునికి దూరముగా నున్న పల్లెలనే పట్టి పీడించినవి.

భాషయే మొదటి పాఠము

సవర భాష తెలుగు వలె ద్రావిడ కుటుంబములోనిది కాదు. ముండా శాఖకు చెందినది. కొండపల్లెకు పోయిన ఉద్యోగికి జ్వరమెప్పుడు వచ్చినదని అడుగుటకే మాట దొరకదు. ఈ చిక్కును మొట్టమొదట గుర్తించి దానికి మార్గము చూపినవాడు వైద్యుడు కాడు, బడిపంతులు. శ్రీముఖలింగము సమీపమున 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, సవరల భాషను నేర్చి, వారికై వారి భాషలోనే పుస్తకములు వ్రాసి, స్వంత ధనముతో బడులు పెట్టించిరి. వారి సవర వ్యాకరణము 1931లో వెలువడెను. నిఘంటువులు తరువాత వచ్చెను. పర్లాకిమిడి 1936లో ఒరిస్సా రాష్ట్రములో చేరినది. టెక్కలి, పలాస ఇటువైపున నిలిచినవి. 1950లో శ్రీకాకుళము ప్రత్యేక జిల్లా అయ్యెను. హద్దులు మారినను సవరలు రెండు వైపుల నుండిరి. గిడుగువారు చెప్పిన పాఠమును మారలేదు. నేర్పదలచినవాడు ముందుగా నేర్చుకొనవలెను. ఆరోగ్యశిక్షణకు ఇంతకంటె మంచి పునాది లేదు.

భోర్ సంఘము లెక్కలు

సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన 1943లో నియమింపబడిన సంఘము 1946లో నివేదిక నిచ్చెను. ఆనాడు దేశములో సుమారు 6,300 మందికి ఒక వైద్యుడు, 43,000 మందికి ఒక నర్సు, 60,000 మందికి శిక్షణ పొందిన మంత్రసాని ఒకతె యుండిరి. వైద్యులలో అధికభాగము పట్టణములలోనే యుండుటచే పల్లెలకు దక్కినది ఇంకను తక్కువ.

ఈ సంఘము ప్రాథమికారోగ్య కేంద్రముల భావమును దేశమునకు ఇచ్చినది. దానితోపాటు ఒక వివాదాస్పదమైన సలహాను కూడ ఇచ్చినది. అంతవరకు తక్కువ కాలపు చదువుతో పట్టా పొందిన లైసెన్షియేటు వైద్యులు పల్లెలలోను చిన్న ఊళ్లలోను పనిచేయుచుండిరి. ఆ తరగతిని ఆపివేసి, ఒకే రకము వైద్యుని తయారుచేయవలెనని సంఘము చెప్పెను. సభ్యులలో కొందరు దీనికి సమ్మతింపలేదు. చదువు స్థాయి పెరిగినది నిజమే. కాని వైద్యునికిని పల్లెకును నడుమ ఖాళీ ఏర్పడినదనుటయు నిజమే. తరువాతి శిక్షణలన్నియు ఆ ఖాళీని పూరించుటకు జరిగిన ప్రయత్నములే.

1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకము ప్రారంభమై, బ్లాకుల వారీగా ప్రాథమికారోగ్య కేంద్రములు వెలసినవి. ఆ దశాబ్దిలోనే సహాయక నర్సు మంత్రసానులకు, అనగా ఏ.ఎన్.ఎం.లకు, రెండేండ్ల శిక్షణ మొదలయ్యెను. పల్లెలో తరతరములుగా పురుడు పోయుచున్న మంత్రసానులను త్రోసివేయక, వారికి ముప్పది దినముల శిక్షణ నిచ్చు పద్ధతియు వచ్చినది. చేతులు కడుగుకొనుట, శుభ్రమైన బ్లేడుతో బొడ్డు కోయుట, కష్టమైన కాన్పును ముందుగా గుర్తించి ఆసుపత్రికి పంపుట: అందలి ముఖ్యాంశములివి. చూచుటకు చిన్న సంగతులే. కాని ధనుర్వాతము, పురిటి జ్వరము వచ్చుట కారణము ఈ చిన్న సంగతుల లోపమే.

ఆ కాలమున టీకాలవాడు వేరు, మలేరియావాడు వేరు, కుటుంబనియంత్రణవాడు వేరు. ఒకే గుమ్మమునకు నలుగురు వచ్చి నాలుగు మాటలు చెప్పిపోవుదురు. 1973లో కర్తార్ సింగ్ సంఘము వీరినందరిని కలిపి, స్త్రీ పురుషులను బహుళార్థసాధక కార్యకర్తలుగా తీర్చవలెనని సూచించెను. ఆ మార్పులో ఏ.ఎన్.ఎం. శిక్షణకాలము రెండేండ్ల నుండి ఏడాదిన్నరకు తగ్గినది. పనులు పెరిగినవి, నేర్చుకొను కాలము తగ్గినది! శిక్షణ చరిత్రలో ఇది గమనింపదగిన విషయము.

ఏబది రూపాయల సేవకుడు

1975లో శ్రీవాస్తవ సంఘము ఇంకొక అడుగు ముందుకు వేసి, ఆరోగ్యసేవకుడు ఆ ఊరివాడే కావలెననెను. దానిని అనుసరించి 1977 అక్టోబరు 2న సామాజికారోగ్య కార్యకర్తల పథకము మొదలయ్యెను. వెయ్యిమంది జనాభాకు ఒకరు; మూడు నెలల శిక్షణ; శిక్షణకాలమున నెలకు 200 రూపాయలు; తరువాత నెలకు 50 రూపాయల గౌరవవేతనము. మరుసటి సంవత్సరము సెప్టెంబరులో ఆల్మా ఆటాలో సమావేశమైన ప్రపంచ దేశములు ఇదే మార్గమును ప్రకటించినవి. చైనాలో అప్పటికే చెప్పులు లేని వైద్యులు పనిచేయుచుండిరి. మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో ఆరోలే దంపతులు 1970 నుండి చదువురాని స్త్రీలకు సైతము ఆరోగ్యవిద్య నేర్పి చూపిరి.

మన పథకము మాత్రము అంతగా నిలువలేదు. ఎంపికైనవారిలో పురుషులే ఎక్కువ. తల్లీబిడ్డల సంగతులు వారికి చెప్పుకొనువారు తక్కువ. శిక్షణ ఒకసారి ఇచ్చి వదలిరి. కార్యకర్త, స్వచ్ఛందసేవకుడు, మార్గదర్శి అని పేరు మార్చిరి గాని పునశ్చరణ లేకపోయెను. నేర్చినది మూడు నెలలలో వచ్చినను, మరల చూచువారు లేనిచో మూడేండ్లలో మరపునకు వచ్చును.

ఆశా కార్యకర్తలు

2005 ఏప్రిల్ 12న ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషను పాత పాఠములను కొన్ని గుర్తుంచుకొన్నది. ఆశా కార్యకర్త స్త్రీయే కావలెను. ఆ ఊరి నివాసియే కావలెను. సాధారణముగా వెయ్యి జనాభాకు ఒకతె. కొండ ప్రాంతములలో ఆవాసమునకు ఒకతె చొప్పున నియమింపవచ్చును. ఎనిమిదవ తరగతి చదువు కావలెనని మొదట పెట్టిన నియమమును, అట్టివారు దొరకనిచోట సడలింపవచ్చునని యుండెను. సవరపల్లెలకు ఈ సడలింపు ఎంతో అవసరము. పరీక్ష ప్యాసైన పరాయి మనిషికంటె, ఆ భాషలో జ్వరము సంగతి అడుగగల ఇంటి మనిషి మేలు. మొదటి శిక్షణ 23 దినములు. అదియును ఒకేసారి కాక ఐదు విడతలుగా. విడతకు విడతకు నడుమ పని చేసి, సందేహములతో తిరిగి వచ్చి నేర్చుకొనుట ఇందలి సూక్ష్మము. వ్రేలి నుండి ఒక్క బొట్టు రక్తము తీసి పావుగంటలో మలేరియాను తెలిసికొను పరీక్షయు వీరి చేతికి వచ్చినది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వీరి వేతనమును నెలకు 10,000 రూపాయలు చేసెను. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశపు ఆశా కార్యకర్తలను గౌరవించెను.

ఉద్దానము నేర్పిన క్రొత్త పాఠము

ఇంతలో తీరమున వేరొక పరీక్ష ఎదురైనది. ఉద్దానములో 2019లో ప్రచురితమైన ఒక పరిశీలన ప్రకారము పెద్దవారిలో నూటికి సుమారు 18 మందికి దీర్ఘకాల మూత్రపిండవ్యాధి కలదు. వారిలో అధికసంఖ్యాకులకు మధుమేహము గాని రక్తపోటు గాని కారణముగా కనబడలేదు. శ్రీలంక, ఎల్ సాల్వడోర్ దేశములలోని వ్యవసాయ ప్రాంతములందును ఇట్టి వ్యాధియే ఉన్నది. ఎండలో శ్రమ, త్రాగునీరు, పురుగుమందులు మొదలగు వాటిని శాస్త్రజ్ఞులు పరిశోధించుచున్నారు. కారణము ఇంకను తేలలేదు.

శిక్షణకు ఇచట కలిగిన చిక్కేమి? సాధారణముగా మూత్రపిండవ్యాధిని కనుగొనుటకు మూత్రములో ఆల్బుమిన్ చూతురు, రక్తపోటు కొలుతురు. ఉద్దానపు వ్యాధి మూత్రపిండములోని సన్నని నాళికలను, వాటి చుట్టునున్న కణజాలమును ముందుగా దెబ్బతీయును. అందుచే తొలిదశలో మూత్రములో ఆల్బుమిన్ తక్కువ, రక్తపోటు సరిగానే యుండవచ్చును, నొప్పియు ఉండదు. పుస్తకములో చెప్పినట్లే చూచిన కార్యకర్త, రోగిని ఆరోగ్యవంతుడని పంపివేయు ప్రమాదము కలదు. రక్తములో క్రియాటినిన్ చూడవలెను. అదియైనను మూత్రపిండముల శక్తి సగమువరకు తగ్గినపిదప గాని స్పష్టముగా పెరుగదు. కావున ఒక్క పరీక్షతో సరిపెట్టుకొనక, ఏటేట చూచి అంకెలను పోల్చవలెను. అనగా ఉద్దానపు కార్యకర్త, దేశమంతటికి వ్రాసిన పాఠ్యపుస్తకముతోపాటు తన ఊరి పాఠమును గూడ చదువవలెను.

2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల మూత్రపిండ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రము ప్రారంభమయ్యెను. హిరమండలము జలాశయము నుండి ఉద్దానమునకు త్రాగునీరు తెచ్చు పథకమును ఆనాడే ప్రారంభించిరి. రక్తశుద్ధి యంత్రమును ధనముతో కొనవచ్చును. దాని ప్రక్కన నాలుగేసి గంటలు కూర్చుండి, రోగి రక్తపోటు పడిపోవుటను క్షణములో గుర్తించు సాంకేతికుని, నర్సును మాత్రము కొనలేము, తయారుచేసికొనవలెను. తోటపని చేసికొను రైతును, రోగము ముదరకముందే, ఏటికొకసారి రక్తపరీక్షకు ఒప్పించి తీసికొనిపోవు పల్లెమనిషిని అంతకంటెను ముందుగా తయారుచేసికొనవలెను.

ఎనుబదియేండ్ల ఈ చరిత్ర నుండి మూడు సంగతులు తేలుచున్నవి. సేవకుడు ఆ ఊరివాడై, ఆ భాషవాడై యుండవలెను. శిక్షణ ఒకనాటితో ముగియక, పనితోపాటు సాగవలెను. పాఠము ఆ ప్రాంతపు రోగమునకు తగినదై యుండవలెను. వీనిలో ఏ ఒక్కటి లోపించినను మిగిలిన రెండును నిష్ఫలములే. కొండమీద జ్వరమైనను, తీరమున మూత్రపిండవ్యాధియైనను, మొదట తెలియవలసినది రోగి గుమ్మము తొక్కు మనిషికే.