గోడకెక్కిన వ్యంగ్యము: మెక్సికో చిత్రకారుడు ఓరోస్కో



అమెరికా సంయుక్త రాష్ట్రములలోని న్యూయార్కు నగరమున ‘న్యూ స్కూలు’ అను విద్యాలయమొకటి కలదు. అందు భోజనశాలగా కట్టబడిన గది గోడమీద మన గాంధీమహాత్ముని రూపము చిత్రింపబడియున్నది. 1930-31 సంవత్సరములలో, అనగా మన దేశమున ఉప్పు సత్యాగ్రహపు వేడి ఇంకను చల్లారని దినములలో, ఆ బొమ్మ వెలసినది. దానిని వ్రాసినవాడు మన దేశమును కన్నులార చూచినవాడు కాడు. మెక్సికో దేశస్థుడు, ఎడమచేయి లేనివాడు. పేరు హోసే క్లెమెంతె ఓరోస్కో.

ఇతడు గోడలమీద బొమ్మలు వ్రాయుటకు పూర్వము పత్రికలలో పరిహాసచిత్రములు గీచి పొట్ట పోసికొన్నవాడు. పత్రికబొమ్మకు పరమార్థము పరిహాసము. గోడబొమ్మకు పరమార్థము స్తుతి. దేవాలయపు గోడయైనను, రాజమందిరపు గోడయైనను, కట్టించినవాని కీర్తినే చెప్పును గదా! ఓరోస్కో ఆ కట్టుబాటును తలక్రిందులు చేసెను. గోడ నిచ్చిన ప్రభుత్వమును, తాను మెచ్చిన విప్లవమును సైతము ఆ గోడమీదనే నిలదీసెను. అందువలన ఆయనకు కలిగిన కష్టములును, దక్కిన గౌరవమును నేటి ప్రసంగమునకు విషయము.

ఆయన 1883వ సంవత్సరము నవంబరు 23వ తేదీన హలిస్కో రాష్ట్రమున సపొత్లాన్ అను ఊర జన్మించెను. చిన్ననాటనే కుటుంబము రాజధానియగు మెక్సికో నగరము చేరెను. ఆ బాలుడు బడికి పోవు దారిలో ముద్రాక్షరశాల యొకటి యుండెడిది. అందు పొసాద అను పనివాడు కిటికీ దగ్గర కూర్చుండి తుత్తునాగపు రేకులమీద బొమ్మలు చెక్కుచుండెడివాడు. హత్యలు, వింతలు, రాజకీయములు అన్నియు అతనికి వస్తువులే. దొరలను, దొరసానులను, సేనానులను అస్థిపంజరములుగా చెక్కి నాట్యమాడించెడివాడు. ఆ కాగితములు స్వల్పమైన వెలకు వీధులలో అమ్ముడు పోయెడివి. బడికి పోవలసిన పిల్లవాడు కిటికీ కడ నిలబడి చూచుటయే గాక, అప్పుడప్పుడు లోనికి పోయి రాలిన లోహపు పొట్టును ఏరికొని తెచ్చుకొనెడివాడట. రంగులు పూయుట ఎట్లో మొదట తెలిసికొన్నది ఆ యంగడిలోనే యని ఆయన తన స్వీయచరిత్రమున వ్రాసికొనెను. నలుబది యేండ్లు బడిలో పాఠము చెప్పినవాడను. దారిలో నిలబడిపోయిన పిల్లలను చాలమందిని దండించితిని. వారిలో ఎవ్వరును ఓరోస్కోలు కాలేదు, అది వేరు మాట.

పెద్దలు అతనిని వ్యవసాయ పాఠశాలలో వేసిరి. మూడేండ్లు చదివినను కృషి అంటుకొనలేదు. యౌవనమున మందుగుండు పేలి ఎడమచేయి పోయెను. చూపు సైతము దెబ్బ తినెను. తండ్రి గతించుటచే కుటుంబభారము మీద పడెను. ఆ యొంటిచేతితోనే పటములు గీచి, పత్రికలకు బొమ్మలు గీచి జీవింపసాగెను.

ఇక నాటి మెక్సికో స్థితిని కొంచెము చెప్పవలెను. మూడు వందల యేండ్లు స్పెయిను దేశపు ఏలుబడిలో నుండి 1821లో ఆ దేశము స్వతంత్రమయ్యెను. తరువాత పొర్ఫీరియో దియాస్ అను సేనాని 1876 మొదలు 1911 వరకు, నడుమ నాలుగేండ్లు తప్ప, తానే అధ్యక్షుడై పాలించెను. రైలు మార్గములు వచ్చినవి. ధనికులు మిక్కిలి ధనికులైరి. పల్లెల ఉమ్మడి భూములు పెద్ద కామందుల చేతిలో పడినవి. 1910లో విప్లవము చెలరేగెను. పదేండ్లు దేశము కొలిమివలె కాగెను. దియాస్ పారిపోయెను. మదేరో అను సాధుపురుషుడు అధ్యక్షుడయ్యెను. అతని పాలనలో పత్రికలకు ఎన్నడు లేని స్వేచ్ఛ కలిగెను. ఆ స్వేచ్ఛతో పత్రికలు చేసిన మొదటి పని యేమనగా, స్వేచ్ఛ నిచ్చిన మదేరోనే గేలి చేయుట! ఓరోస్కో కూడ మదేరోకు ఎదురుపక్షపు పత్రికలో చేరి యతనిని నిర్దయగా వెక్కిరించెను. తాను ఆ పక్షమున చేరుట కేవలము యాదృచ్ఛికమనియు, ప్రభుత్వపు పత్రికలో పని దొరకియుండిన ఎదుటివారినే వెక్కిరించియుండెడివాడననియు తరువాత నిష్కపటముగా చెప్పుకొనెను. 1913 ఫిబ్రవరిలో మదేరో హత్య చేయబడెను. ఈ విషయమున ఓరోస్కోను నేను సమర్థింపజాలను. మంచివానిని అపహసించుట సులభము. అతడు పోయిన పిదప వచ్చిన క్రూరులను అపహసించుటకే గుండె కావలెను. ఆ గుండె ఓరోస్కోకు తరువాత కలిగినది.

ఎట్లు కలిగెననగా, యుద్ధమును దగ్గర నుండి చూచుటవలన. 1915లో విప్లవ పక్షములు తమలో తామే కలహించుకొనుచుండెను. అప్పుడు కర్రాన్సా పక్షమునకు చెందిన ఒక పత్రికకు బొమ్మలు గీయుటకై ఆయన ఒరిసాబ పట్టణమునకు పోయెను. ఆ పత్రిక పేరు ‘లా వాన్గార్డియా’. అక్కడ గాయపడినవారితో నిండిన రైళ్లను, కాల్చివేయబడిన బందీలను, దోచుకొనబడిన దేవాలయములను చూచెను. విప్లవమనిన పతాకములు, పాటలు మాత్రమే యని తలచువారికిని ఆయనకును భేదము అప్పటి నుండియే కలిగినది. పీడితులపై జాలి పోలేదు. నాయకులపై నమ్మకము పోయినది.

1916లో రాజధానిలో తన బొమ్మల ప్రదర్శనమొకటి చేసెను గాని ఆదరణము లభింపలేదు. మరుసటి యేట బొమ్మలన్నియు మూటగట్టుకొని ఉత్తరపు సరిహద్దు దాటి అమెరికాకు పోయెను. లరేడో యను ఊర సుంకపుఠాణా అధికారులు మూట విప్పి చూచి, ఇవి నీతిబాహ్యమైనవని నిర్ణయించి, సుమారు 60 బొమ్మలను అక్కడనే చించివేసిరి. అందులో నగ్నచిత్ర మొక్కటియు లేదని ఆయన తరువాత వ్రాసికొనెను. ఏండ్ల తరబడి చేసిన కృషి ఒక్క పూటలో చెత్తయైనది. శాన్ ఫ్రాన్సిస్కో నగరమున సినిమా ప్రకటన పలకలు వ్రాసి కాలము గడపి, కొన్నాళ్లకు స్వదేశము చేరెను.

అంతలో మెక్సికోలో విప్లవపు మంటలు చల్లారి, 1921లో వాస్కోన్సెలోస్ అను పండితుడు విద్యామంత్రి యయ్యెను. దేశమున అక్షరజ్ఞానము లేనివారే యెక్కువ. పుస్తకము చదువలేనివానికి గోడ చదివింపవచ్చునని తలచి, ఆయన ప్రభుత్వ భవనముల గోడలను చిత్రకారుల కిచ్చెను. రివేరా, సికేరోస్, ఓరోస్కో మువ్వురు ఆ పనిలో ప్రసిద్ధికెక్కిరి. ఓరోస్కోకు 1923లో జాతీయ సన్నాహక పాఠశాల గోడలు లభించినవి.

ఈ పని యెట్టిదో కొంచెము వివరించెదను. ముందుగా గోడకు సున్నపుగార పూయవలెను. గార తడిగా నుండగనే, నీటిలో నూరిన రంగులతో బొమ్మ వ్రాయవలెను. గార ఆరుచు గట్టిపడునప్పుడు రంగు దానిలో లీనమగును. పిమ్మట కడిగినను పోదు. కావున తాపీపనివాడు ప్రతిదినము ఆ పూటకు వ్రాయగల మేరకే గార వేయును. తప్పు దొర్లినచో దిద్దుటకు వీలు లేదు. ఆ భాగమును గొడ్డలితో చెక్కివేసి మరల గార వేయవలసినదే. సారువ యెక్కి, ఒంటిచేతితో, మందమైన చూపుతో, గార ఆరకముందే వ్రాయవలెను. రెండు చేతులున్నవారికే కష్టమైన పని యది.

ఆ గోడమీద ఆయన వ్రాసినదేమి? విప్లవ విజయోత్సవము వ్రాయుదురని అందరును ఎదురుచూచిరి. ఒక చోట ధనికులు విందారగించుచుండగా క్రింద కూలివారు తమలో తాము పనిముట్లతో కొట్టుకొనుచున్నారు. ఇంకొక చోట న్యాయదేవత త్రాగి తూలుచున్నది. వేరొక చోట కిరీటములు, పతాకములు, అధికార చిహ్నములు చెత్తకుప్పలో పడియున్నవి. పత్రికలోని పరిహాసచిత్రమే పదింతలై గోడకెక్కినది! సంపన్నుల బిడ్డలు చదువు బడి యది. 1924 జూన్ నెలలో విద్యార్థులు గుంపుగా వచ్చి, రాళ్లు రువ్వి, బొమ్మలను గీకి పాడు చేసిరి. ప్రభుత్వము ఆ విద్యార్థులను మందలించుటకు బదులు చిత్రకారులనే పనినుండి తొలగించెను. పని పోయినవాడు మరల పత్రికలకు బొమ్మలు గీచి బ్రదికెను.

1926లో పిలుపు రాగా మరల అదే గోడల కడకు పోయెను. తన మునుపటి బొమ్మలను పెక్కింటిని తానే చెక్కివేసి క్రొత్తవి వ్రాసెను. వానిలో ‘కందకము’ అను చిత్రము మిక్కిలి ప్రసిద్ధము. ముగ్గురు యోధులు, ఇద్దరు వెనుకకు వాలిరి, ఒకడు మోకాళ్లపై కూలి చేతితో ముఖము కప్పుకొనెను. గెలిచిరో ఓడిరో తెలియదు. శత్రువు కనబడడు. ఎఱ్ఱని వెలుగు మాత్రము వెనుక నున్నది. విప్లవమును ఇంతకంటె గౌరవించిన బొమ్మను నే నెరుగను; అందు గర్వమన్నది లేశమును లేదు.

1927 చివర ఆయన ఆలుబిడ్డలను విడిచి ఒంటరిగా న్యూయార్కు చేరెను. అచ్చట ఆల్మా రీడ్ అను పత్రికారచయిత్రి ఆయనకు అండయయ్యెను. ఆమెయు, ఈవా సికెలియానోస్ అను విదుషియు తమ యింట పండితులకు, కవులకు గోష్ఠి యేర్పరచి, దానికి ‘ఆశ్రమము’ అను మన సంస్కృత నామమునే పెట్టుకొనిరి. హైదరాబాదులో పుట్టిన మన సరోజినీదేవి గాంధీగారి సందేశమును వినిపించుటకై 1928లో అమెరికాకు పోయినప్పుడు ఆ గోష్ఠికి వెళ్లిరి. అటు పిమ్మట రెండేండ్లకు న్యూ స్కూలు గోడమీద సామ్రాజ్య సైన్యమున కెదురుగా గాంధీజీ కూర్చుండుట మనము చూచుచున్నాము. అదే గదిలో సర్వజాతుల సహోదర భోజనబల్ల యొకటి చిత్రించి, దాని యగ్రాసనమున నల్లజాతివాని నుంచెను. ఆ కాలపు అమెరికాలో ఇది సామాన్యమైన సాహసము కాదు. మరియొక గోడపై లెనిను, స్టాలినుల రూపములుండుటచే, కమ్యూనిస్టు భీతి మిక్కుటమైన 1953లో విద్యాలయమువారే ఆ గోడకు తెర కట్టిరి. తరువాత తెర తీసిరి.

అంతకు కొంచెము మునుపు, 1930లోనే, కాలిఫోర్నియాలో పొమోనా కళాశాల భోజనశాలలో నిప్పు దొంగిలించి మానవులకిచ్చిన ప్రొమీథియసును చిత్రించెను. మెక్సికో చిత్రకారులు అమెరికాలో వ్రాసిన గోడబొమ్మలలో అదియే మొదటిది. 1932 నుండి 1934 వరకు డార్ట్‌మత్ కళాశాల గ్రంథాలయమున 24 భాగములుగా అమెరికా ఖండపు నాగరికతను వ్రాసెను. అందొక దానిలో అస్థిపంజరమొకటి పురుడు పోసికొనుచుండ, పట్టభద్రుల నిలువుటంగీలు తొడిగిన అస్థిపంజరములే ఆచార్యులై చుట్టు నిలిచియున్నవి. పుట్టిన శిశువును అస్థిపంజరమే! వెనుక లోకము మండుచున్నది. వారు అటు చూడరు. పొసాద చెక్కిన ఎముకలబొమ్మలు ఎంత దూరము వచ్చినవో గమనింపుడు. జీవము లేని చదువును గూర్చి ఉపాధ్యాయ మహాసభలలో ఎన్నో ఉపన్యాసములు వింటిని. ఈ బొమ్మ చేసిన పని వానిలో ఏదియు చేయలేదు. దానిని తమ గ్రంథాలయముననే నిలుపుకొన్న ఆ కళాశాలవారిని సైతము మెచ్చుకొనవలెను.

1934లో స్వదేశము చేరిన పిమ్మట గ్వాదలహారా నగరమున వ్రాసినవి ఆయన కృతులలో శిఖరములు. అక్కడి ప్రభుత్వ భవనపు మెట్ల పైభాగమున స్వాతంత్ర్య వీరుడగు ఇదాల్గో కాగడా పట్టి లేచును. ఆ ప్రక్క గోడమీదనే స్వస్తికమువారు, కొడవలి-సుత్తివారు మొదలగు సర్వమతస్థులైన రాజకీయులు గారడీ మేళమువలె గంతులు వేయుచుందురు. అనాథ శరణాలయమగు కబాన్యాస్ భవనమున 1938-39లో 57 చిత్రములు వ్రాసెను. ఎత్తయిన గుమ్మటపు లోపలి తట్టున నిప్పులో లేచు మానవుడున్నాడు. 1941లో సుప్రీంకోర్టువారు పిలిచి గోడ నిచ్చిరి. న్యాయస్థానమున న్యాయదేవత కత్తి పట్టుకొని కునుకుచుండగా, దొంగలు దస్త్రములు దోచుకొనుచున్నట్లు వ్రాసియిచ్చెను. న్యాయమూర్తులకు కోపము వచ్చెను. బొమ్మలు మాత్రము అచటనే యున్నవి.

1949 సెప్టెంబరు 7న ఆయన మరణించెను. దేశము తన మహాపురుషుల సమాధిస్థలముననే ఆయనను పాతిపెట్టి గౌరవించినది.

ఆయన కథ సరిహద్దు కావల కొంత మిగిలియున్నది. 1848 సంధి వలన మెక్సికో భూమిలో సుమారు సగము అమెరికా పాలైనది. అచ్చటి మెక్సికో సంతతివారు 1960 తరువాతి దశాబ్దమున తమ్ము ‘చికానో’లని గర్వముగ చెప్పుకొనసాగిరి. 1965లో డెలానో ద్రాక్షతోటల కూలివారు సమ్మె కట్టిరి. వారి నాయకుడు సేసర్ చావేస్ గాంధీగారి మార్గమును అనుసరించి 1968లో 25 దినములు ఉపవసించెను. వారి పత్రికలో ఆండీ సెర్మెన్యో అను చిత్రకారుడు దోన్ సొతాకో యను అమాయకపు కూలివానిని సృష్టించి, చదువురానివారికి హక్కులు బొమ్మలతో బోధించెను. పత్రికనుండి గోడకు పోవు దారి మరల తెరచుకొన్నది. శాన్ దియేగోలో పెద్ద వంతెన క్రింది స్థలమున పోలీసు ఠాణా కట్టబోగా, 1970 ఏప్రిల్ 22న చికానోలు పార, గునపములతో వచ్చి దానిని తోటగా మార్చుకొనిరి. 1973 మొదలుకొని ఆ వంతెన స్తంభములను బొమ్మలతో నింపిరి. ఆ స్తంభములలో ఒకదానిమీద రివేరా, సికేరోసుల ప్రక్కన కండ్లజోడు పెట్టుకొన్న ఓరోస్కో ముఖమున్నది. అచటికి మెక్సికో సరిహద్దు కొద్ది మైళ్లే.