తొందరపడని వెచ్చదనం

జపాన్ ఇళ్లలో కొమ్ము పురుగులను, కొడవళ్ల వంటి దవడలు గల కువాగాటా పురుగులను పెంచడం నేడు పిల్లల సరదా స్థాయిని దాటి, పెద్దలు ఏళ్ల తరబడి సాగించే వ్యాపకంగా స్థిరపడింది. ఈ పెంకు పురుగులు రెక్కలతో కనిపించే కాలం కంటే డింభకంగా, అంటే గుడ్డు నుంచి వెలువడి, ముడుచుకుని మేస్తూ పెరిగే తెల్లని పురుగు దశలో గడిపే కాలమే సాధారణంగా ఎక్కువ కనుక, పెంపకందారు నైపుణ్యమంతా ఆ దశలోనే వెల్లడవుతుంది. చలికాలంలో చల్లబడే గదిలో డింభకానికి ఎంత వేడి ఇవ్వాలన్న ప్రశ్న మాత్రం పెంకు పురుగులతో పుట్టినది కాదు. దానికి రెండు శతాబ్దాలకు పైబడిన పూర్వచరిత్ర ఉంది.

18వ శతాబ్దం చివర, నేటి టోక్యో అయిన ఎదో నగరంలో, సుజుముషి అనే పాడే కీటకాలను పట్టి అమ్మే వర్తకం పెరిగింది. రచయిత లాఫ్కాడియో హెర్న్ 1898లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, ఆహార పదార్థాలు అమ్మే చూజో అనే వ్యక్తి ఈ వర్తకానికి ఆద్యుడు కాగా, కిరియామా అనే సమురాయ్ తడి మట్టి నింపిన జాడీలలో వాటి సంతతిని పెంచి, చలికాలంలో జాడీలను వెచ్చని గదిలో ఉంచితే పిల్లలు సహజ కాలానికి ముందే వెలువడతాయని గ్రహించాడు. రుతువు కంటే ముందు పాడే పురుగుకు గిరాకీ ఎక్కువ కనుక, అక్కడ వేడి అమ్మకాన్ని ముందుకు జరిపే సాధనం.

అదే తర్కం పట్టు పరిశ్రమలో మరింత తీవ్రరూపం దాల్చింది. ఈశాన్య జపాన్‌లోని ఫుకుషిమా ప్రాంతపు రైతులు బొగ్గు కుంపట్లతో పట్టుపురుగుల గదులను వేడి చేసి పెంపకం రోజులను తగ్గించేవారు. అయితే ఎంత వేడి అన్నది ఒంటికి తోచిన అంచనాయే తప్ప కొలత కాదు. యానగావాకు చెందిన నకమురా జెన్ఎమోన్, డచ్ వైద్యం నేర్చిన వైద్యుల వద్ద ఉండే ఉష్ణమాపకం స్ఫూర్తితో, పట్టు గదికి ప్రత్యేకించిన ‘సాంతోకెయి’ అనే ఉష్ణమాపకాన్ని 1849లో రూపొందించాడు. పురుగు ఉన్న గదిలో అంకెలను నమ్మే అలవాటుకు ఇది తొలి మెట్లలో ఒకటని చెప్పవచ్చు. కుంపటి పెంపకానికి ఒక లోపం ఉంది: మూసిన గదిలో పొగ, ఉక్క పేరుకుని పురుగులు జబ్బు పడతాయి. గున్మా ప్రాంతంలో తజిమా యాహెయి 1863లో కప్పుపై గాలి గూళ్లున్న ఇల్లు కట్టి, చల్లగాలి ఆడే పద్ధతిని ప్రచారం చేయగా, తకయామా చోగోరో ఈ రెంటినీ కలిపి, అవసరమైనప్పుడు వేడి, మిగతా వేళల్లో గాలి అనే పద్ధతిని 1880లలో స్థిరపరిచాడు. వీరిద్దరి స్థలాలూ తొమియోకా పట్టు మిల్లుతో పాటు 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. చాకీ పెంపకంలో, అంటే పట్టుపురుగుల తొలి దశల సాకుడులో, వేడికీ గాలికీ మధ్య పెనుగులాట హిందూపురం, మదనపల్లె రైతులకు కొత్తేమీ కాదు.

కొమ్ము పురుగు డింభకానికి మాత్రం మనిషి కుంపటి పెట్టనవసరం లేకపోయింది. టోక్యో సమీపంలోని మూసాషి మైదానంలో, 17వ శతాబ్దం చివరి నుంచి ఓక్ జాతి చెట్ల ఆకులను ఊడ్చి తెచ్చి ఎరువుగా చివికించే వ్యవసాయం సాగుతోంది. ఆకులను తొక్కి పేర్చిన కుప్ప పులిసి తనంత తానే వేడెక్కుతుంది కనుక, దానిపై చిలగడదుంప నారు పెంచేవారు. అలాంటి కుప్పలే కొమ్ము పురుగుకు గుడ్లు పెట్టే చోట్లు. కోనసీమ రైతు కొబ్బరి కొమ్ము పురుగు డింభకాన్ని పెంటకుప్పలో కనబడితే తుదముట్టిస్తాడు. దాని జపాన్ బంధువును కుప్పలోంచి ఏరి బడికి తీసుకెళ్లే పిల్లలున్నారు.

1990లలో, రంపపు పొట్టులో ముత్యపు చిప్ప పుట్టగొడుగు వంటి శిలీంధ్రాన్ని పెంచి, ఆ సీసాలో కువాగాటా డింభకాన్ని ఉంచే పద్ధతి వ్యాపించడంతో పాత తర్కం తలకిందులైంది. వేడి ఎక్కువైతే డింభకం త్వరగా ప్యూపా దశకు చేరుతుంది. త్వరగా చేరినది చిన్న పురుగవుతుంది. మిల్లీమీటర్లలో విలువ కట్టే ఈ లోకంలో అది నష్టమే. శిలీంధ్రం స్వయంగా వేడి పుట్టిస్తుంది, పైగా ఎక్కువ వేడిలో కుళ్లిపోతుంది. దానితో పెంపకందారులు 20 డిగ్రీలకు కాస్త పైన నెలల తరబడి నిలపడాన్ని ఆదర్శంగా ఎంచుకున్నారు. స్థానిక జాతులు చలికి మేత మానేసి నిద్రాణంగా ఉండగలవు గానీ, 1999లో విదేశీ పెంకు పురుగుల దిగుమతి నిబంధనలు సడలాక వచ్చిన ఉష్ణమండల జాతులకు ఆ వెసులుబాటు లేదు. 100 గ్రాములు దాటే హెర్క్యులిస్ పెంకు పురుగు డింభకానికి థర్మోకోల్ పెట్టె, అడుగున లేదా పక్కన వేడి పలక, దాన్ని ఆర్పి వెలిగించే నియంత్రకం అవసరమయ్యాయి. వేడి పలక మట్టిని ఎండగడుతుంది కనుక తడిని కూడా చూడవలసి వచ్చింది. ఎండాకాలం వచ్చాక వేడి పలకను తీసేసి, అదే డింభకాన్ని ద్రాక్షసారాయి సీసాలు దాచే చల్లని అలమారలో పెట్టేవారూ ఉన్నారు.